మా ఇంటి చుట్టూ గట్టు

“ఈ ఇంట్లో నేను అన్నం ముట్టను” అంది నాన్నమ్మ.

అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. పప్పుచారు మీద పొగలు లేస్తున్నాయి. వాన వెలిశాక కాసిన మొదటి ఎండ గుమ్మంలోంచి వచ్చి నాన్నమ్మ పాదాల దగ్గర పడింది.

“రాత్రి కూడా తినలేదు అత్తయ్యా. బీపీ మాత్ర వేసుకోవద్దా?”

“మాత్ర మంచినీళ్ళతో వేసుకుంటాలే. అన్నం సంగతి నీ మొగుడు తేల్చాలి.”

నాన్న వరండాలో రేపటి పందిరి కోసం సరుగుడు బాదులు చెక్కుతున్నాడు. కత్తి ఆగింది. తల మాత్రం తిప్పలేదు.

“ఏం తేల్చాలి? మొన్న మాట్లాడుకున్నాంగా.”

“నువ్వు మాట్లాడావు రత్నరాజూ. నేను విన్నాను. ఎదురింటి మాస్టారు విన్నారు. ఆయన అంత పెద్దాయన మన గుమ్మం దాకా వచ్చి, నీళ్ళకి కాస్త దారి ఇవ్వవయ్యా అని అడిగితే, మా స్థలం మా ఇష్టం అన్నావు.”

“రేపు కూడిక పెట్టుకుని ఇయ్యాల ఈ గొడవేంటమ్మా? అయ్యగారు వస్తారు. సంఘమంతా వస్తారు.”

“అదే అడుగుతున్నా. ఎందుకొస్తారు?”

“ఎందుకేంటి? కృతజ్ఞత కూడిక. కొత్తింట్లోకి వచ్చి ఏడాదైంది. దేవుడికి చెప్పుకోవద్దా?”

“ఏమని చెప్తావు? ప్రభువా, మా ఇల్లు పొడిగా ఉంది, ఎదురింట్లో మంచం కోళ్ళు మునిగినయ్యి, నీకు స్తోత్రం అని చెప్తావా?”

నాన్న కత్తి కింద పెట్టాడు. అమ్మ పళ్ళెం మీద మూత పెట్టింది.

నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. మా ఇంట్లో గొడవలన్నీ నేను తలుపు వెనక నుంచే విన్నాను.

మా కాలనీ అంతా ఒకప్పుడు వరి పొలం. బందరు పెరిగి పెరిగి ఇక్కడిదాకా వచ్చింది. పొలాల్లో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు, ప్లాట్ల మధ్య కంకర పోసి రోడ్డన్నారు. ఎవరు ఇల్లు కట్టుకున్నా పక్కవాళ్ళకంటే కాస్త ఎత్తుగా మట్టి తోలించి మెరక చేసుకోవడం ఇక్కడ మామూలే. నాన్న చేసింది మాత్రం ఎవరూ చెయ్యలేదు. మెరక చెయ్యడమే కాకుండా స్థలం చుట్టూ గట్టు వేశాడు.

నాన్న కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు. చిన్నప్పటి నుంచి చెరువుల మీదే బతికాడు. అక్కడ ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు గట్టు గట్టిగా ఉండాలి. అందుకే ఇక్కడ ఇల్లు పూర్తవ్వకముందే గట్టు పూర్తయింది. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దాని మీద చుట్టూ తిరుగుతాడు. మడమతో తొక్కి చూస్తాడు. పీతలు బొరియలు పెట్టాయేమోనని వంగి చూస్తాడు.

“ఏం బావా, రొయ్యలెప్పుడు వదులుతున్నావు?” అని ఆటో దుర్గారావు మావయ్య వీధిలోంచి అరిచేవాడు. “కిలోకి కౌంట్ ఎంతొస్తే పడతావేంటి?”

అందరూ నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు. ఈ వాయుగుండం వచ్చేదాకా అది నవ్వుకునే సంగతే.

మా స్థలం వెనక మురుగు కాలువ ఉంది. వీధిలో పడ్డ వాన నీళ్ళు మేం ఇల్లు కట్టకముందు ఖాళీగా ఉన్న మా స్థలం మీదుగానే ఆ కాలువలోకి పోయేవి. గట్టుతో ఆ దారి మూసుకుపోయింది. నీళ్ళు వెళ్ళడానికి చోటు లేక ఎదురింట్లోకి వెళ్ళాయి. వీధిలో మొదట కట్టిన ఇల్లు చలపతిరావు మాస్టారిది. అందరికంటే పల్లంలో ఉన్నదీ అదే.

“కుమారీ, ఆ గిన్నెలు కారియర్‌లో సర్దు” అంది నాన్నమ్మ లేస్తూ. “ఎదురింట్లో సుందరమ్మ గారి పొయ్యి నిన్నటి నుంచి వెలగలేదు. దీవెనా, తలుపు చాటునించి రా. నాతో నడువు.”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న మళ్ళీ కత్తి తీసుకుని, చెక్కడం అయిపోయిన బాదునే మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

* * *

గట్టు దిగితే నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నాన్నమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో కారియర్ పట్టుకుంది. మాస్టారింటి గేటు సగం నీళ్ళలో ఉంది. లోపల మల్లె పందిరి, కనకాంబరాలు, చామంతి కుండీలు. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. కొన్ని కుండీలు పక్కకి ఒరిగి తేలుతున్నాయి.

“రావమ్మా దీవెనా, పడవ అక్కడ కట్టేసి రా” అన్నారు మాస్టారు.

ఆయన హాల్లో బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పేపరు చదువుతున్నారు. కింద నీళ్ళు. నీళ్ళలో ఆయన చెప్పు ఒకటి మెల్లగా వంటింటి వైపు వెళ్తోంది.

“కొల్లేరు చూద్దామని మా ఆవిడ ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. ఇంటికే తెప్పించాను. కొంగలు కూడా వస్తే పూర్తవుతుంది.”

“మీ వేళాకోళం ఆపండి, వాళ్ళు తడుస్తున్నారు” అన్నారు త్రిపురసుందరి మామ్మగారు లోపలి గదిలోంచి.

మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. దాని మీద మామ్మగారు కాలు చాపుకుని కూర్చున్నారు. చీలమండ దగ్గర గుడ్డ కట్టి ఉంది. నీళ్ళలో గచ్చు కనపడక జారారట. పక్కనే సగం సర్దిన సూట్‌కేసు తెరిచి ఉంది.

నాన్నమ్మ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మామ్మగారు మాకు ఎన్నిసార్లు కూరలు పంపారో లెక్కలేదు. మాకు కుళాయి రాకముందు మంచినీళ్ళు కూడా వాళ్ళింటి నుంచే మోసుకునేవాళ్ళం. మా ఇంటి అన్నం మాత్రం ఎప్పుడూ ఆ గుమ్మం దాటలేదు. వాళ్ళు వద్దన్నదీ లేదు, మేం తీసుకెళ్ళిందీ లేదు.

“అక్కడే నిలబడిపోయావేం ఆనందమ్మా? లోపలికి తే. ఆకలేస్తోంది” అన్నారు మామ్మగారు.

నాన్నమ్మ మంచం మీద కారియర్ విప్పింది. పప్పుచారు, వంకాయ కూర, అప్పడాలు. మామ్మగారు రెండు కంచాలు తెమ్మన్నారు. రాత్రి నుంచి ఏమీ తినని నాన్నమ్మ, ఆ మంచం అంచున కూర్చుని ఆవిడతో కలిసి తింది.

“చారు ఎవరు పెట్టారు? కోడలేనా?”

“కోడలేనండి. ఇంగువ వెయ్యదు.”

“అదే బావుంది.”

నేను సూట్‌కేసు వైపే చూస్తున్నాను. మామ్మగారు గమనించారు.

“మా తనూజ గుడివాడ వచ్చెయ్యమంటోందమ్మా. సోమవారం బండి పంపిస్తుందిట.”

“మళ్ళీ ఎప్పుడొస్తారు?” అని అడగాలనుకున్నాను. నాన్నమ్మే అడిగింది.

మామ్మగారు అప్పడం విరిచారు. తినలేదు. మాస్టారు హాల్లోంచి అన్నారు, “ఈ వయసులో ప్రతి వానకీ మంచం కింద ఇటుకలు పెట్టలేం కదా ఆనందమ్మ గారూ. గుడివాడలో వాళ్ళది రెండో అంతస్తు. అక్కడే ఉండిపోతే మంచిదని అమ్మాయి అంటోంది.”

“మీరేమంటున్నారు?”

“నేనేమంటాను? ఆవిడకి ఇష్టం లేదు. నాకు ధైర్యం లేదు.”

పేపరు తిప్పిన చప్పుడు వినిపించింది. ఒక్కళ్ళయినా మా నాన్న పేరు ఎత్తుతారేమో, గట్టు అంటారేమో అని నేను తల వంచుకుని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

“రేపు మీ కూడికకి రావాలనే ఉంది” అన్నారు మామ్మగారు నా తడిసిన లంగా అంచు చూస్తూ. “నిరుడు గృహప్రవేశానికి మీ పాటలు విన్నాను. ఆ డోలక్కు ఆయన మళ్ళీ వస్తాడా?”

“వస్తాడండీ” అన్నాను. ఆ ఇంట్లో ఆ రోజు నేనన్న మాట అదొక్కటే.

* * *

సాయంత్రం నాన్న నన్ను ఇంటి పక్కకి పిలిచాడు. నీళ్ళు మన వైపుకి ఊటలా వస్తున్నాయేమో చూడమంటాడేమో అనుకున్నాను. కానీ అక్కడ ముగ్గుతో గీతలు గీసి ఉన్నాయి. ఇంటి గోడకీ గట్టుకీ మధ్య, వీధి వైపు నుంచి వెనక కాలువ దాకా ఉన్న జాగాలో, పొడుగ్గా ఒక గది.

“ఏంటో చెప్పుకో చూద్దాం.”

నాకు తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాను.

“నీ గది. ఇక్కడ కిటికీ. ఇక్కడ బల్ల. నాన్నమ్మ గురక వింటా, దుప్పట్లో లైటు పెట్టుకుని రాసుకోనక్కర్లేదు. తలుపేసుకుని చదువుకోవచ్చు.”

నాన్న ఆ గీతల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. ఆయన నవ్వి వారమైంది. నేను కూడా వెళ్ళి నిలబడ్డాను. కిటికీ దగ్గర నిలబడి చూస్తే మాస్టారింటి మల్లె పందిరి కనపడుతుంది.

“మాస్టారు దారి ఇమ్మన్నది ఈ జాగాలోంచే” అన్నాడు నాన్న. “ఇక్కడ కాలువ తవ్వితే నీ గది ఉండదు. అది చెప్తే నేనేదో చిన్నపిల్లాడిలా మొండికేస్తున్నానంటది మీ నాన్నమ్మ.”

పక్కకి జరగబోతే నా కాలి కింద ముగ్గు గీత చెరిగింది.

“నీకు గుర్తుండదు. మనూళ్ళో తుఫానప్పుడు ఇంట్లోకి నీళ్ళొచ్చినయ్యి. బియ్యం డబ్బా తేలింది. నిన్ను నెత్తిన పెట్టుకుని స్కూలు దాకా నడిచాను. ఒక్కో అడుగూ వేసేటప్పుడు కింద నేలుందో లేదో తెలీదు. అప్పుడే అనుకున్నా, నా గుమ్మంలోకి మళ్ళీ నీళ్ళు రానివ్వనని.”

“మాస్టారు వాళ్ళు వెళ్ళిపోతున్నారు నాన్నా” అన్నాను. చాలా మెల్లగా అన్నాను.

నాన్న వినలేదనుకుంటాను. లేకపోతే విన్నాడేమో. వంగి, ముగ్గు చెరిగిన చోట మళ్ళీ గీత గీశాడు.

* * *

ఆదివారం మధ్యాహ్నానికి పందిరి ఆలోచన మానుకున్నారు. బురదలో బాదులు నిలబడలేదు. హాల్లో జంపఖానాలు పరిచాం. సంఘం వాళ్ళందరూ చెప్పులు చేతుల్లో పట్టుకుని నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు. జీవానందం అయ్యగారు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, బైబిలు సంచి మెళ్ళో వేలాడేసుకుని వచ్చారు.

“వందనాలండీ అయ్యగారూ” అన్నాడు నాన్న చేతులు జోడించి.

“వందనాలు రత్నరాజుగారూ. ఎర్రసముద్రం అయితే పాయలు చీలేది. మీ వీధి చీలలేదండీ” అన్నారు ఆయన. అందరూ నవ్వారు. నాన్నమ్మ నవ్వలేదు.

పాట మొదలవ్వబోతుండగా బయట దుర్గారావు మావయ్య గొంతు వినిపించింది. “పక్కకి, పక్కకి! అమ్మవారు వస్తున్నారు!”

ప్లాస్టిక్ కుర్చీలో మామ్మగారు. ఒక పక్క మావయ్య, ఇంకో పక్క మాస్టారు పట్టుకుని నీళ్ళలోంచి మోసుకొస్తున్నారు. మామ్మగారు ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, ఇంకో చేత్తో మాస్టారి తల మీద గొడుగు పట్టారు, వాన లేకపోయినా.

“ఎండండీ” అన్నారు సిగ్గుపడుతూ.

అమ్మ పరుగెత్తుకెళ్ళి కుర్చీని గుమ్మం దగ్గర దింపించింది. నాన్న ముందుకి ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి తగ్గాడు. మాస్టారే “శుభం రత్నరాజూ” అన్నారు. నాన్న “కూర్చోండి మాస్టారూ” అని గోడ వైపు చూస్తూ అన్నాడు.

పాటలయ్యాయి. డోలక్కు ఆయన మామ్మగారి కోసమేనన్నట్టు గట్టిగా వాయించాడు. వాక్యం అయింది. తర్వాత సాక్ష్యాలు.

మా కూడికల్లో ఇది తప్పదు. ఇంటి వాళ్ళు ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకి చేసిన మేలు ఒకటి చెప్పి కృతజ్ఞత చెల్లించాలి. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ “అందరికీ వందనాలు” దాటి చెప్పలేదు. అది చెప్పి కూర్చుంటే అయ్యగారే “పాప హృదయంలో స్తుతిస్తోంది” అని సర్దేవారు.

నాన్న లేచాడు. పొడి ఇల్లు ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పబోయాడు. “ఈ ఏడాది ఎన్ని వానలు పడ్డా మా ఇంట్లోకి” అని ఆగాడు. గుమ్మం దగ్గర మాస్టారి కాళ్ళు కనపడ్డాయనుకుంటాను. బురద ఆరి తెల్లగా ఉన్నాయి. “అందరికీ వందనాలు” అని కూర్చున్నాడు. ఎప్పుడూ నేను చెప్పే సాక్ష్యం ఆయన చెప్పేశాడు.

అమ్మ ఆరోగ్యం గురించి చెప్పింది. నాన్నమ్మ లేవనే లేదు. “నాది మనవరాలు చెప్తది” అంది.

“దీవెనమ్మా” అన్నారు అయ్యగారు.

లేచాను. చెవుల్లో డోలక్కు ఇంకా మోగుతున్నట్టుంది. “అందరికీ వందనాలు” అన్నాను. మోకాళ్ళు కూర్చోవడానికి వంగాయి. అప్పుడు మామ్మగారు నా వైపు చూసి చిన్నగా తల ఊపారు, చెప్పవే అన్నట్టు.

“నేను మామ్మగారి కోసం దేవుడికి కృతజ్ఞత చెప్తున్నాను.”

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“కాలేజీలో చేరినప్పుడు నాకు ఒక్కదాన్నే ఆటో ఎక్కాలంటే భయమేసేది. ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. మామ్మగారు కోనేరు సెంటరులో పూలు కొనాలి, తోడు రా అని రోజూ నాతో ఆటో ఎక్కేవారు. నన్ను కాలేజీ గేటు దగ్గర దింపి వెళ్ళేవారు. నేనే ఆవిడకి తోడు వెళ్తున్నానని మా ఇంట్లో చెప్పాను కూడా. వాళ్ళింటి నిండా పూల మొక్కలున్నాయి. ఆవిడకి పూలు కొనాల్సిన పని లేదని నాకు చాలా రోజులకి తెలిసింది.”

మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఆ మొక్కలు ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. మా గట్టు వల్ల.”

ఎవరో దగ్గారు. నాన్న తల వంచుకునే ఉన్నాడు. ఆగిపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసి గబగబా చెప్పాను.

“మా నాన్న కోసం కూడా కృతజ్ఞత చెప్తున్నాను. తుఫానప్పుడు నన్ను నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఆ రోజు నాకు నీళ్ళు తగలనివ్వలేదు. అందుకే నాకు నీళ్ళంటే భయం లేదు. నాన్నా, నాకు గది వద్దు.”

కూర్చున్నాను. నాన్నమ్మ నా చేతుల్ని తన ఒళ్ళోకి లాక్కుంది.

వెనక నుంచి ఎవరో “ఆమెన్” అన్నారు.

నాన్న లేచాడు. ఎవరి వైపూ చూడకుండా, మామ్మగారి కుర్చీ పక్క నుంచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ “ఏవండీ” అని లేవబోయింది. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

“వెళ్ళనివ్వండమ్మా.”

“కోపం వచ్చినట్టుందండీ. పదిమందిలో అన్నది కదా పిల్ల.”

“రానివ్వు” అంది నాన్నమ్మ. కానీ నా చేతులు పట్టుకున్న ఆవిడ చేతులు కూడా చల్లగా ఉన్నాయి.

అప్పుడు ఇంటి వెనక నుంచి చప్పుడు వినిపించింది. దబ్బున ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

దుర్గారావు మావయ్య మెడ సాచి కిటికీలోంచి చూశాడు. “గునపం అండీ!” అన్నాడు. “బావ గట్టు కొడుతున్నాడు!”

* * *

అందరం వెనక్కి పరుగెత్తాం. నాన్న కూడికకని వేసుకున్న తెల్ల చొక్కాతోనే మురుగు కాలువ వైపు గట్టుని తవ్వుతున్నాడు. చొక్కా మీద బురద చింది మచ్చలు పడ్డాయి.

“బావా, నీళ్ళు వీధి వైపునుంటే ఇటు తవ్వుతావేంటి?” అని అరిచాడు మావయ్య.

“ముందు బయటికి పోయే దారి తియ్యాలి. అటు ముందు కొడితే నీళ్ళన్నీ ఇంట్లోకొస్తయ్యి” అన్నాడు నాన్న రొప్పుతూ. “చూస్తావేంటి? ఆ పార అందుకో.”

మావయ్య పార అందుకున్నాడు. డోలక్కు ఆయన తట్ట తెచ్చాడు. అయ్యగారు బైబిలు సంచి అమ్మకిచ్చి, “ప్రార్థన పని అయ్యాక చేసుకుందాం” అని చొక్కా చేతులు పైకి మడిచారు. మాస్టారు కూడా దిగబోతే నాన్న ఆపాడు.

“మీరొద్దు మాస్టారూ. మీరు ఆ గొడుగు పట్టుకోండి చాలు.”

ఆ గొడవ తర్వాత నాన్న మాస్టారి మొహం చూసి అన్న మొదటి మాట అది. మాస్టారు నిజంగానే గొడుగు తెచ్చి నాన్న నెత్తిన పట్టుకుని నిలబడ్డారు.

తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఇంటి పక్క జాగాలోకి వచ్చారు. నాన్న ముగ్గు గీతల దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూశాడు. నేను వెళ్ళి తట్టకి రెండో పక్క పట్టుకున్నాను. కిటికీ ఉండాల్సిన చోటు మీద పార పడింది.

చివరికి వీధి వైపు గట్టు మిగిలింది. నాన్న అందరినీ పక్కకి తప్పుకోమని, అడ్డంగా ఒక్క దెబ్బ కొట్టాడు. నీళ్ళు సన్నగా మొదలై, మట్టి పెళ్ళల్ని విరుచుకుంటూ వెడల్పయి, మా ఇంటి గోడ పక్కనుంచి పరుగెత్తాయి. ఒక అల లేచి మా వరండా మెట్టు తాకింది. నాన్న ఆ మెట్టు వైపే చూస్తున్నాడు. ఆయన మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. నాన్నమ్మ వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

“దిగిపోద్దిలేరా” అంది.

నీళ్ళు మెట్టు ఎక్కలేదు. వెనక మురుగు కాలువలో పడుతున్న చప్పుడు పెద్దగా వినిపించింది. వీధిలో గడ్డి పరకలు, ఆకులు, మాస్టారి చెప్పు, అన్నీ మా వైపు కదిలాయి. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. అమ్మ వంటింట్లోకి పరుగెత్తి అందరికీ టీ పెట్టింది. నాన్నమ్మ వెనకే వెళ్ళి, “ఆకలేస్తోందే కుమారీ, ఆ అన్నం ఏమైనా మిగిలిందా?” అని అడగడం వినపడింది.

ఇంతలో మామ్మగారి ఫోను మోగింది.

“తనూజేనండీ” అన్నారు మాస్టారితో. తర్వాత ఫోనులో, “సోమవారం బండి పంపకమ్మా. నీళ్ళు తీస్తున్నాయి... నిజంగానే... ఆ, రత్నరాజే... లేదు, నేను చెప్పేది విను...” అని ఆగిపోయారు. చాలాసేపు విన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఫోను చెవి నుంచి తీసి నాన్న వైపు చాపారు.

“రేపు మళ్ళీ వానొస్తే ఏంటి, ఎవరు పూచీ అంటోందయ్యా. నేనేం చెప్పను? నువ్వే చెప్పు.”

నాన్న చేతులు చొక్కాకి తుడుచుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“అమ్మా, నమస్కారం. నేను రత్నరాజునండీ. గట్టు వేసింది నేనే. తప్పు నాదే. మీ నాన్నగారు అడిగితే పెడసరంగా మాట్లాడాను, అదీ తప్పే. ఇప్పుడు కొట్టేశాను. మళ్ళీ వెయ్యను. ఇకముందు వానొస్తే నీళ్ళు ముందు మా గుమ్మం తొక్కాలి, తర్వాతే మీ అమ్మగారి గుమ్మం. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలీదమ్మా.”

అవతల నుంచి ఏం వినిపించిందో, నాన్న తల ఊపుతూ “అలాగేనమ్మా, అలాగే” అని ఫోను మాస్టారికి ఇచ్చాడు.

మాస్టారు విన్నారు. కళ్ళజోడు తీశారు. ఫోను కట్టయిపోయినా అలాగే చెవి దగ్గర పెట్టుకుని ఉన్నారు.

“ఏమందండీ?” అన్నారు మామ్మగారు.

“సోమవారం దాకా ఆగలేకపోయిందిట. పొద్దున నీ కాలు సంగతి నేనే చెప్పాను, ఉండబట్టలేక. ఇందాకే కారు మాట్లాడుకుని బయల్దేరింది.” ఆయన గొంతు సవరించుకున్నారు. “మాటలన్నీ అక్కడికొచ్చి మాట్లాడుకుందాం, ఈ రాత్రికి మిమ్మల్ని తీసుకెళ్ళకుండా మాత్రం తిరిగి వెళ్ళను అంది. పెడన దాటిందిట.”

పెడన అంటే ఎంతో దూరం లేదు.

మామ్మగారు వీధి వైపు చూశారు. నీళ్ళు మోకాళ్ళ నుంచి పిక్కలకి దిగాయి. వాళ్ళింటి గేటు మీద బురద గీత బయటపడింది. లోపల ఇంకా నీళ్ళున్నాయి, మంచం ఇంకా ఇటుకల మీదే ఉంది, సూట్‌కేసు ఇంకా తెరిచే ఉంది.

“మోసుకెళ్తాం రండి” అని దుర్గారావు మావయ్య, నాన్న కుర్చీకి రెండు పక్కలా వచ్చారు.

“వద్దు నాయనా. కుర్చీలో కూర్చుని ఎదురెళ్తే, అమ్మకి కాళ్ళు లేవని అదే కుర్చీతో కార్లో ఎక్కిస్తుంది” అన్నారు మామ్మగారు. చెయ్యి నా వైపు చాపారు. “దీవెనా, నీ భుజం ఇవ్వమ్మా. అది వచ్చేసరికి నేను నా ఇంట్లో నా కాళ్ళ మీద నిలబడి ఉండాలి.”

ఆవిడ కుర్చీ లోంచి లేచారు. నొప్పికి పెదవి కొరుక్కున్నారు. బరువంతా నా భుజం మీద పడింది. మొదటి అడుగు నీళ్ళలో వేశాం. రెండోది వేశాం. వెనక నుంచి నాన్న “కుడి పక్క గుంటుంది, జాగ్రత్త” అంటున్నాడు.

గేటు ఇంకా అందలేదు. వీధి మొదట్లో, కంకర రోడ్డు మలుపు దగ్గర, కారు హారన్ మోగింది.